పొలం చొక్కా: కాగితపు నమూనాతో ఇంటి కుట్టు



పత్తి తీతలు మొదలైనాయంటే మన వైపు ఏ చేని గట్టుమీద నిలబడి చూసినా ఒకటే దృశ్యం. ఆడవాళ్లంతా చీరమీద మగవాళ్ల చొక్కాలు తొడుక్కొని ఉంటారు. భర్తదో, కొడుకుదో, పాతబడి మూలపడేసిన చొక్కా. భుజాలు మోచేతి వైపు జారిపోతూ ఉంటాయి. చేతులు పొడవెక్కువై రెండు మడతలు పెట్టుకొంటారు. పది కాయలు తీసేసరికి ఆ మడత ఊడి వేళ్లమీద పడుతుంది. నడుము కింద మాత్రం బిగుతు. ఒడి కట్టుకోవాలి గనుక కింది రెండు గుండీలు ఎట్లాగూ పెట్టుకోరు. మిరప కోతల్లోనూ ఇదే వేషం.

వేషం అన్నాను గాని ఇందులో వేళాకోళం లేదు. ఎండనుంచీ, ఎండిన పత్తికాయ మొనలనుంచీ, ఆకుమీద మిగిలివున్న మందునుంచీ ఒంటిని కాపాడుకోవడానికి వాళ్లు చేసుకొన్న ఏర్పాటు అది. మాబోటివాళ్లం చెప్పకముందే చేసుకొన్నారు.

వ్యవసాయ విస్తరణాధికారికి కుట్టుపనితో ఏమి సంబంధమని మీరు అడగవచ్చు. ఒక ఊళ్లో పురుగుమందుల జాగ్రత్తలు చెబుతున్నాను. ముక్కుకు గుడ్డ కట్టుకోండి, గాలికి ఎదురుగా కొట్టకండి, నిండు చేతుల చొక్కా తొడుక్కోండి అని ఎప్పుడూ చెప్పే పాఠమే చెప్పాను. వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ లేచి, "అయ్యా, నిండు చేతుల చొక్కా అంటున్నారు గదా. నీళ్లు మోసి డ్రమ్ములో మందు కలిపేది మేమే. మాకు పట్టే చొక్కా ఏ కొట్లో అమ్ముతున్నారో అది గూడా చెప్పండి" అన్నది. నా దగ్గర సమాధానం లేదు. మగవాళ్ల చొక్కాలున్నాయి, పట్నపు ఆడపిల్లలు తొడుక్కొనే పల్చని చొక్కాలున్నాయి. చీరమీద పట్టి, వంగితే బిగియక, మణికట్టు దాకా కప్పే పని చొక్కా తయారుగా దొరకడం కష్టం. దాన్ని కుట్టుకోవలసిందే. కుట్టుకోవడానికి నమూనా కావాలి. ఈ రోజు ప్రసంగం ఆ నమూనాను గురించి.

మన ఇళ్లలో ఆది జాకెట్టు అందరికీ తెలిసినదే. సరిగ్గా పట్టిన పాత జాకెట్టు ఒకటి దర్జీకిచ్చి, దీని ప్రకారం కుట్టమని చెప్పి వస్తాము. ఆది అంటే ఒక మనిషి ఒంటి కొలత. కాగితపు నమూనా అట్లా కాదు. ఒక చొక్కాకు కావలసిన ముక్కలన్నిటినీ, అంటే ముందు భాగాలు, వీపు, చేతులు, కాలరు, భుజం పట్టీ మొదలైనవి కాగితం మీద గీసి, ఒకే రూపాన్ని అయిదారు కొలతలలో తయారుచేసి అమ్ముతారు. మనకు సరిపడే గీతమీద కత్తిరించి, గుడ్డమీద పరచి, గుడ్డను కోసుకోవాలి.

ఈ పద్ధతిని వ్యాపారంగా నిలబెట్టినవాడు కూడా ఒక దర్జీయే. అమెరికాలో మాసచూసెట్స్ రాష్ట్రంలోని స్టెర్లింగ్ అనే చిన్న ఊళ్లో ఎబెనెజర్ బటరిక్ అనే ఆయన 1863లో రకరకాల కొలతలలో కాగితపు నమూనాలు చేసి అమ్మడం మొదలుపెట్టాడు. అంతకుముందు కూడా పత్రికలలో నమూనాలు వచ్చేవి గాని సాధారణంగా ఒక్క కొలతలోనే వచ్చేవి. దాన్ని పెంచుకోవడం, తగ్గించుకోవడం కొన్నవాళ్ల తలనొప్పి. బటరిక్ మొదట చేసినవి మగవాళ్ల, మగపిల్లల దుస్తులు. ఆడవాళ్ల నమూనాలు తరువాత వచ్చినాయి. అక్కడ రైతు కుటుంబాలు ఈ నమూనాలను బాగా వాడుకొన్నాయి. 1920 మొదలు 1950 దాకా కోళ్ల దాణా, పిండి వచ్చే నూలు సంచులను విప్పి, ఉతికి, ఈ నమూనాలు పరచి గౌన్లు కుట్టుకొనేవాళ్లు. ఆ సంగతి కనిపెట్టి మిల్లుల వాళ్లు సంచులమీద పూలు అచ్చువేయించారు. భర్త దాణా కొనడానికి వెళ్లేటప్పుడు, ఫలానా పువ్వు ఉన్న సంచులే తెమ్మని భార్య చెప్పి పంపేదట. 1914లో అక్కడ విస్తరణ సేవ చట్టం వచ్చిన తరువాత పొలం పనులు నేర్పే మా వంటి ఉద్యోగులతోపాటు, ఇంటి పనులు, కుట్టు నేర్పే ఉద్యోగినులు కూడా పల్లెలకు వెళ్లారు. మన దేశంలోనూ 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం ప్రారంభమైన తరువాత గ్రామసేవికలు మహిళా మండలులలో కుట్టు నేర్పినారు. కనుక ఈ ప్రసంగం నా శాఖకు మరీ దూరమైనదేమీ కాదు.

ఇప్పుడు నమూనా ఎక్కడ దొరుకుతుంది? కవర్లలో పెట్టి అమ్మేవి మన పట్టణాలలో అంతగా దొరకవు. సెల్ ఫోన్ ఉన్న ఇంటికి ఆ లోటు లేదు. ఇంటర్నెట్టులో వెల పెట్టి కొనేవీ ఉన్నాయి, ఉచితమైనవీ ఉన్నాయి. దించుకొని, జిరాక్సు షాపులో మామూలు కాగితాలమీద అచ్చువేయించి, వరస తప్పకుండా అతికించుకోవాలి. ఆడవాళ్ల నిండు చేతుల వదులు చొక్కా, ముందువైపు గుండీలు, కాలరు ఉన్నది ఎంచుకోండి. నడుము దగ్గర నొక్కు పెట్టిన ఫేషను చొక్కా మన పనికి రాదు.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. మొదటిసారి ఇట్లాంటి నమూనా నేనే దించి, పట్నంలో అచ్చు వేయించి తెచ్చాను. మా ఇంటావిడ కుట్టింది. రెండున్నర మీటర్ల మంచి నూలుగుడ్డ. కుట్టు ఎక్కడా తప్పలేదు. తొడుక్కొని చూసి, "ఏమండీ, ఇది నాకు కుట్టమన్నారా, మన అమ్మాయికా?" అన్నది. గుండీలు కలవవు. తప్పెక్కడ జరిగిందో తెలుసుకోవడానికి రెండు రోజులు పట్టింది. కాగితం అంచుల్లో బొమ్మ తెగిపోకుండా మిషను దానంతటదే నమూనాను కాస్త చిన్నది చేసి అచ్చువేసింది. నూటికి ఆరు వంతులు తగ్గింది. కాగితం మీద ఆరు వంతులు కంటికి ఆనదు. కాని 42 అంగుళాల చుట్టుకొలతలో అది రెండున్నర అంగుళాలు!

దీనికి మందు నమూనాలోనే ఉన్నది, నేను చూడలేదు. మొదటి కాగితం మీద ఒక మూల చిన్న చదరం గీసి, దాని కొలత పక్కనే రాసి ఉంటారు. కొన్నిటిలో 5 సెంటీమీటర్లు, కొన్నిటిలో 10. మొదట ఆ ఒక్క కాగితమే అచ్చువేయించి, స్కేలు పెట్టి కొలవండి. పది రాసిన చోట పది ఉంటేనే మిగతావి వేయించండి. షాపు అబ్బాయికి "నూటికి నూరు సైజు, ఏమీ తగ్గించవద్దు" అని ముందే చెప్పండి. చెప్పినా సరే, మీరు కొలవండి. కవరులో కొన్న నమూనాకు ఈ గొడవ లేదు.

తరువాతది కొలత. ఇందులో పొరపాటు పడేవాళ్లే ఎక్కువ. నమూనా మీద 12, 14, 16 అని అంకెలుంటాయి. కొట్లో కొన్న దుస్తులమీద ఉండే అంకెలకూ వీటికీ పొత్తు లేదు. మీడియం, లార్జి అన్న మాటలను కూడా నమ్మకండి. టేపు పట్టుకోవలసిందే. జాకెట్టు, చీర కొంగుతో సహా, చేనికి ఏ విధంగా వెళతారో ఆ విధంగా ముస్తాబై ఛాతీ చుట్టూ, తుంటి చుట్టూ కొలవండి. టేపు బిగించవద్దు, జారనివ్వవద్దు. మీ కొలత మీరే తీసుకొంటే చేతులు ఎత్తవలసి వచ్చి తప్పు వస్తుంది. తోడికోడలినో, కూతురినో తీయమనండి.

ఇప్పుడు నమూనా పట్టిక చూడండి. అందులో రెండు రకాల అంకెలుంటాయి. ఒకటి ఒంటి కొలత, రెండోది కుట్టిన తరువాత చొక్కా కొలత. రెండింటికీ మధ్య తేడాయే వదులు. మనం చూడవలసినది రెండోది. కొంగుమీద కొలిచిన ఛాతీ 38 అంగుళాలు వచ్చిందనుకొందాం. పని చొక్కాకు దానిమీద కనీసం అయిదు అంగుళాలు వదులుండాలి. అంటే కుట్టిన చొక్కా 43 అంగుళాలుండే గీతను పట్టుకోవాలి. తుంటి దగ్గర కూడా ఇదే లెక్క. చీర కుచ్చిళ్లవల్ల కొందరికి ఛాతీకన్న తుంటి కొలత చాలా ఎక్కువ వస్తుంది. అటువంటివారు చొక్కాను తుంటికోసం పెద్దది చేయవద్దు. చేస్తే భుజాలు మళ్లీ మోచేతికి వస్తాయి, మగవాళ్ల చొక్కా తొడుక్కొన్నట్లే ఉంటుంది. ఛాతీకి సరిపడే గీత తీసుకొని, కింద రెండు పక్కలా జానెడు చీలిక వదలండి. ఒడి కట్టుకోవడానికీ ఆ చీలిక పనికివస్తుంది.

మరొక సంగతి మార్జిను. కుట్టుకోసం అంచున వదిలే గుడ్డను దర్జీలు మార్జిను అంటారు గదా. అమెరికా కవర్లలో సాధారణంగా 5/8 అంగుళం మార్జిను కలిపే గీస్తారు. జర్మనీనుంచి వచ్చే బుర్దా పత్రికలోని షీట్లలో మార్జిను కలపరు, మనమే గుడ్డమీద వదలి కోసుకోవాలి. ఇంటర్నెట్టు నమూనాలలో రెండు రకాలూ ఉన్నాయి. సూచనల కాగితంలో ఆ ముక్క వెతికి చూడకుండా కత్తెర పట్టకండి. మార్జిను లేని నమూనాను ఉన్నదనుకొని కోస్తే ఒక్కొక్క కుట్టు దగ్గర అంగుళానికి పైగా పోతుంది. సెంటీమీటర్లలో ఉంటే భయపడవలసిన పని లేదు, టేపుకు రెండోవైపు అవే ఉంటాయి. ఒకటిన్నర సెంటీమీటరు అంటే 5/8 అంగుళం కన్న వెంట్రుకవాసి తక్కువ.

కొలత పట్టిక మీకు అచ్చంగా సరిపోకపోతే నమూనాను సరిచేయాలి. సరిచేయడం కాగితం మీదనే, గుడ్డమీద కాదు. చేయి పొడవు తగ్గించాలంటే చాలామంది మణికట్టు దగ్గర కోసివేస్తారు. చేయి కిందికి వచ్చేకొద్దీ సన్నబడుతుంది గనుక, అక్కడ కోస్తే మూతి వెడల్పై కఫ్ పట్టీతో కలవదు. నమూనాలో మోచేతి ప్రాంతాన అడ్డంగా రెండు గీతలు కలిపి గీసి ఉంటాయి. తగ్గించాలన్నా, పెంచాలన్నా అక్కడే. తగ్గించాలంటే ఆ గీతమీద మడత పెట్టండి. పెంచాలంటే అక్కడ కోసి, ఎడం చేసి, కింద వేరే కాగితం అతికించండి.

వెడల్పు పెంచడం మరో తీరు. మొత్తం రెండు అంగుళాలు పెంచాలనుకోండి. పక్క అంచులు నాలుగున్నాయి: ముందు భాగాలకు రెండు, వీపుకు రెండు. ఒక్కొక్క అంచుకు అర అంగుళం చొప్పున కలపాలి. అక్కడితో అయిపోలేదు. పక్కలు పెరిగితే చంక చుట్టు కూడా పెరిగింది. కాబట్టి చేయి ముక్కకు చంక కింద రెండు అంచులకూ అర అంగుళం చొప్పున కలపాలి. ఇది మరిచిపోయి, "చేయి చంకలో కూర్చోవడం లేదు, నమూనా తప్పు" అని తిట్టుకొనేవాళ్లను చూశాను.

గుడ్డను గురించి చెబుతాను. చేమట పీల్చే నూలుగుడ్డ, కొంచెం దళసరిగా, లేత రంగులో ఉండాలి. నమూనా మీద ఎన్ని మీటర్లు కావాలో పన్నాను బట్టి రాసి ఉంటారు. 36 అంగుళాల పన్నా గుడ్డ అయితే నిండు చేతుల చొక్కాకు రెండుంబావునుంచి రెండున్నర మీటర్లు పడుతుంది. 58 అంగుళాల పన్నా అయితే 1.6 మీటర్లు మామూలు ఒంటికి సరిపోతుంది. బేరం ఆడేటప్పుడు మీటరు ధర ఒక్కటే కాక పన్నా కూడా అడగండి.

నూలుగుడ్డ నీళ్లు తగిలితే ముడుచుకొంటుంది. విత్తనం చల్లబోయే ముందు మొలక పరీక్ష చేస్తాము గదా, దీనికీ ఒక పరీక్ష ఉన్నది. గుడ్డ ఒక మూల 10 అంగుళాల చదరం దారంతో గుర్తు పెట్టండి. గుడ్డంతా రాత్రి నానవేసి, పిండకుండా నీడన ఆరవేసి, ఇస్త్రీ చేసి ఆ చదరాన్ని మళ్లీ కొలవండి. పొడవు వైపు తొమ్మిదిన్నర వచ్చిందంటే నూటికి అయిదు పోయినట్లు. రెండున్నర మీటర్ల గుడ్డలో అది సుమారు 12 సెంటీమీటర్లు, అంటే కాలరూ, కఫ్ పట్టీలూ వచ్చే గుడ్డ. కోసి కుట్టిన తరువాత మొదటి ఉతుకులో పోయేదాన్ని కోయకముందే పోనిచ్చామన్నమాట. అందుకే కొనేటప్పుడు పావు మీటరు ఎక్కువ కొనాలి.

నమూనా ముక్కలమీద బాణం గుర్తుతో ఒక పొడుగాటి గీత ఉంటుంది. మన చేనేత ఊళ్లవాళ్లకు ఇది ఒక్క మాటలో చెప్పవచ్చు: ఆ గీత పడుగు. గుడ్డ అంచుకు సమంగా పోయే నూలు పడుగు, అడ్డంగా పోయేది పేక. బాణం గీతకు రెండు కొసలనుంచీ గుడ్డ అంచుకు ఎంత దూరమున్నదో టేపుతో కొలిచి సమానం చేయాలి. గుడ్డ మిగులుతుందని ముక్కను ఏటవాలుగా తిప్పి పరచకూడదు. పడుగుకూ పేకకూ మధ్య ఏటవాలుగా లాగితే ఏ గుడ్డైనా సాగుతుంది. అట్లా కోసిన చొక్కా నాలుగు ఉతుకులకు మెలి తిరిగి, పక్క కుట్టు పొట్టమీదికి వస్తుంది.

బాణం కాకుండా ఇంకా కొన్ని గుర్తులుంటాయి. అంచున గాట్లు: చేయి ముక్క మీది గాటు చంక మీది గాటుతో కలవాలి. ఒక గాటున్నది ముందువైపు, రెండు గాట్లున్నది వీపువైపు. వంపు బాణం ఉన్న అంచును గుడ్డ మడతమీద పెట్టాలి, వీపు ముక్క అట్లా వస్తుంది. "రెండు కోయాలి" అని ఉంటే గుడ్డను జోడించి ఒకేసారి కోయండి. విడివిడిగా కోసేవారు ముక్కను తిరగవేయడం మరిచిపోతే రెండూ ఎడమ చేతులే వస్తాయి.

అసలు గుడ్డ కోయకముందు పాత పంచెమీద గాని, చిరిగిన దుప్పటిమీద గాని ఒకసారి కోసి, పెద్ద పెద్ద టాకాలు వేసి తొడిగి చూడండి. కాలరు, కఫ్ పట్టీలు అక్కరలేదు. ముందు భాగాలు, వీపు, చేతులు చాలు. అద్దం ముందు నిలబడి చూడడం కాదు. వంగి కాయ తీసినట్లు చేయండి. బిందె ఎత్తి భుజాన పెట్టుకొన్నట్లు చేయండి. వీపున పంపు పట్టీలు తగిలించుకొని చేయి ఊపండి. వీపున అడ్డంగా బిగిస్తే వీపు ముక్క మధ్య మడతను అర అంగుళం బయటికి జరిపి పరచండి. ఒక అంగుళం కలుస్తుంది. అది భుజం పట్టీ కింద చిన్న కుచ్చుగా పెట్టుకోవాలి.

ఇందులో ఒక విచిత్రమున్నది. చేయి ఎత్తితే చొక్కా అంతా పైకి లేస్తున్నదనుకోండి. చంక ఇరుకై అట్లా లేస్తున్నదని ఇంకా కిందికి కోస్తారు. అది పొరపాటు. చంక ఎంత కిందికి దించితే చేయి ఎత్తినప్పుడు పక్క గుడ్డ అంతగా లేస్తుంది. చంక ఒరుసుకోకుండా, ఒంటికి దగ్గరగా, కాస్త పైకి ఉండి, చేయి ముక్క మాత్రం వెడల్పుగా ఉంటే చేయి హాయిగా తిరుగుతుంది. నమ్మకం లేకపోతే పాత పంచెమీద రెండు విధాలా కోసి చూడండి. ఆ పంచె అందుకే గదా!

ఇక కోయడం. ముక్కలన్నీ పరచి, అన్నీ గుడ్డలో ఇముడుతున్నాయని చూసుకొన్న తరువాతనే మొదటి కత్తెర వేయండి. గుండుసూదులు లేకపోతే తూకపు రాళ్లు పెట్టండి. కాగితం కోసే కత్తెర వేరు, గుడ్డ కోసే కత్తెర వేరు. కాగితం కోస్తే కత్తెర పదును పోతుంది.

కుట్టే వరస సూచనల కాగితంలో ఉంటుంది గనుక అదంతా చెప్పను. రెండు మాటలు మాత్రం చెబుతాను. చేతులను పక్కలు కుట్టకముందే, చొక్కా పరచి ఉండగానే చంకకు కుట్టి, ఆ తరువాత మణికట్టునుంచి చంకదాకా, చంకనుంచి చీలికదాకా ఒకే కుట్టుగా తీసుకొని రావడం కొత్తవాళ్లకు సులువు. పక్క కుట్లు ఒంటి కుట్టుగా వదలకండి. ఒక అంచును సగం కత్తిరించి, రెండో అంచును దానిమీదికి మడిచి మళ్లీ కుట్టండి. పీచు లేవదు, చేలో ముల్లు పట్టినా పిగలదు. కఫ్ దగ్గర చీలిక పెట్టి పట్టీ వేయడం కష్టమనిపిస్తే, మూతి మడిచి లోపల ఎలాస్టిక్ పోనివ్వండి. తీతలకు అదే మేలు, పైకి జారదు, కిందికి రాదు. జేబు పెట్టవద్దు. మందు చుక్కలు, పొడి చేరి నిలిచేది జేబులోనే. కాలరు చివరి గుండీ దాకా మూసుకొనేటట్లు ఉండాలి.

మందు కొట్టేవాళ్లకూ, కలిపేవాళ్లకూ ప్రత్యేకంగా చెప్పవలసినది ఉన్నది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ విషం సోకి వందలమంది రైతులు, కూలీలు ఆస్పత్రి పాలైనారు, కొందరు ప్రాణాలు పోగొట్టుకొన్నారు. విషం నోటినుంచీ, ముక్కునుంచీ మాత్రమే కాదు, చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. అట్లాగని ఈ చొక్కాను కవచమనుకోవద్దు. నూలుగుడ్డ తుంపరను కొంతవరకే ఆపుతుంది. తడిసిందంటే అదే మందును ఒంటికి అంటించి ఉంచుతుంది. కనుక మందు కలిపేటప్పుడు చొక్కామీద మెడనుంచి మోకాళ్ల దాకా ప్లాస్టిక్ గుడ్డ అడ్డం కట్టుకోవాలి, రబ్బరు తొడుగులు వేసుకోవాలి. చేతులు కిందికి దించి కొట్టే పైరుకు తొడుగు లోపల, చొక్కా చేయి దానిమీద ఉండాలి. తలపైకి ఎత్తి కొట్టే తోటల్లో తొడుగును చొక్కా చేతిమీదికి లాగాలి. లేకపోతే కారిన మందు తొడుగులోకి దిగుతుంది. చొక్కా తడిస్తే పని ఆపి, వెంటనే విప్పి, సబ్బుతో ఒళ్లు కడుక్కోండి. సాయంత్రం దాకా ఓర్చుకొందామనుకోవద్దు.

ఈ చొక్కాను ఇంటి గుడ్డలతో కలిపి ఉతకకూడదు. విడిగా, రెండు నీళ్లలో జాడించి, సబ్బుపొడితో ఉతికి, ఎండలో ఆరవేయాలి. బావి దగ్గర, చెరువులో వద్దు. నీళ్లు కలపని మందు ఒలికి నానిన చొక్కాను ఉతికి వాడే ప్రయత్నం చేయవద్దు, అది పారేయవలసినదే. తీతలకు ఒక చొక్కా, మందుకు వేరే చొక్కా ఉండాలి. రెండింటికీ వేర్వేరు రంగు గుండీలు కుడితే చీకట్లో కూడా తెలుస్తుంది. మరొక మాట, మందు చొక్కా పాతబడిన తరువాత మెత్తగా ఉన్నదని పసిపిల్లలకు పక్కగుడ్డగా వేయకండి. ఈ అలవాటు నేను స్వయంగా చూశాను గనుక చెబుతున్నాను.

నమూనా ఒకటి కొంటే సంఘంలో పదిమందికి పనికివస్తుంది. అయిదారు కొలతల గీతలూ ఒకే కాగితం మీద ఉంటాయి గనుక దాన్ని కోయవద్దు. గోధుమరంగు దళసరి కాగితం కింద పెట్టి, ఎవరి గీత వాళ్లు దిద్దుకొని, ఆ కాగితాన్ని కోసుకోండి. డ్వాక్రా సంఘంలో మిషను ఉన్నవాళ్లు ముగ్గురు, కొలవగలవాళ్లు ఇద్దరు ఉంటే తీతలు మొదలుకాకముందే ఊరికి సరిపడా చొక్కాలు తయారవుతాయి. వెల పెట్టి కొన్న నమూనాను మన ఒంటికి కుట్టుకోవడం వేరు, కుట్టి అమ్మడం వేరు. అమ్మదలచినవారు దానిమీద రాసిన షరతు చదివి చూసుకోండి.

నమూనా లేకుండా, బాగా పట్టిన పాత చొక్కాను కుట్లు విప్పి ఆదిగా వాడవచ్చునా అని ఒకరు అడిగారు. నిస్సందేహంగా వాడవచ్చు. అయితే వాడి వాడి మోచేతుల దగ్గర, మెడ దగ్గర గుడ్డ సాగి ఉంటుంది. ముక్కలను తడిపి, ఇస్త్రీ చేసి, పడుగు నిటారుగా ఉన్నదో లేదో చూసి కాగితం మీద గీయండి. ఎడమ చేయి, కుడి చేయి రెండూ గీసి పోల్చి చూడండి. తేడా వస్తే తక్కువ సాగినదాన్ని తీసుకోండి. విప్పిన ముక్కల్లో మార్జిను లోపలి మడతలో ఉంటుంది, దాన్ని విప్పదీసి కలిపి గీయడం మరవవద్దు. గీసిన ప్రతి ముక్కమీద పేరు, ఛాతీ కొలత, తేదీ రాసి, అన్నిటినీ ఒక కవరులో పెట్టి ఎలుకలకు అందకుండా దండెం మీద తగిలించండి.